నలభై రెండో వాటా

పదకొండేళ్లుగా ఎదురుపడితే తల తిప్పుకుని పోయిన మోక్ వింగ్‌షెక్, ఆ శనివారం సాయంత్రం తమ్ముడు చీలోక్‌నీ మరదలినీ తానే బజారుకు తీసుకెళ్లి కడుపునిండా భోజనం పెట్టించాడు, సినిమా టికెట్లు కొనిచ్చాడు. నేల పోయినందుకు చీలోక్ ఏదో ఒకనాటికి సమాధానపడతాడేమో గానీ, ఆ భోజనం అంత రుచిగా ఉన్నందుకు మాత్రం వింగ్‌షెక్‌ను చచ్చేదాకా క్షమించడు.

వింగ్‌షెక్ అతనికి పెదనాన్న కొడుకు. ఊరికి పెద్ద. మోక్ వాళ్ల ఉమ్మడి భూమి కాగితాలన్నీ అతని బీరువాలో ఉంటాయి. ఆ శనివారం మధ్యాహ్నం అతను తోలు చెప్పులతో గట్టు మీద జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చేసరికి చీలోక్ చేలో చోయ్‌సమ్ ఆకుకూర కోస్తున్నాడు. మడమల మీద కూర్చుని, ఎడమ చేత్తో మొదలు పట్టుకుని, కొడవలి కొనతో వేరు మీద వేలెడు వదిలి కోసి, పండుటాకు గిల్లి పారేసి, ఇరవై కాడలకో కట్ట చొప్పున జమ్ము పోచతో రెండేసి చుట్లు చుడుతున్నాడు. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. పంతొమ్మిదేళ్లు హోటల్లో పంది మాంసం కాల్చే పొయ్యి దగ్గర పని చేసిన చేతులవి. చేను అవతలి కొసన అతని భార్య లాయ్‌కున్ కావడికి రెండు నీళ్ల డబ్బాలు తగిలించుకుని, రెంటినీ ఒకేసారి వంచి మడులకు పోస్తోంది.

గాలి పెద్దల మందిరం వైపు నుంచి వీస్తోంది. లిచ్చీ కట్టెల పొగ, కాలుతున్న కొవ్వు వాసన.

ఆ వాసన ఎందుకొస్తోందో చీలోక్‌కు తెలుసు. మోక్ వాళ్ల ఊళ్లో ఉమ్మడి భూమి అమ్మాలంటే ముందు పందిని కాలుస్తారు. ఎదిగిన మగవాళ్లు నలభై రెండు మంది, నలభై రెండు వాటాలు. ఒక్కో వాటా తోలు మీద ఎర్ర రంగుతో ఒక గీత గీసి, పేరు రాసిన ఎర్ర కాగితం పక్కన పెట్టి, పోయిన పెద్దల పేర్లు చెక్కిన పలకల ముందు పొడుగాటి బల్ల మీద వరసగా పేరుస్తారు. ఒప్పుకున్నవాడు తన వాటా పట్టుకుపోయి తింటాడు. ఒప్పుకోనివాడు ముట్టుకోడు. రాత్రి తొమ్మిదింటికి జేగంట కొట్టేసరికి బల్ల మీద ఒక్క వాటా మిగిలినా అమ్మకం ఆగినట్టే. ఎవరూ అరవనక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. పదకొండేళ్ల కిందట చీలోక్ తండ్రి అదే చేశాడు. అప్పుడు అడిగినవాడు ఇటుకల కంపెనీ వాడు. ఇప్పుడు లారీల మీద వచ్చే ఇనప కంటైనర్లు పేర్చుకోవడానికి అడుగుతున్నారు. అప్పుడూ ఇప్పుడూ అడిగేది రోడ్డుకు ఆనుకున్న ఈ నేలనే. చెరువుగా ఉన్నదాన్ని చీలోక్ తండ్రి బుట్టలతో మట్టి మోసి పూడ్చి చేను చేశాడు. కాగితంలో అందరిదీ.

వింగ్‌షెక్ బోర్లించిన కూరల పెట్టె మీద కూర్చున్నాడు.

"నువ్వు నీ ముక్క తీసుకోవని నాకు తెలుసులేరా," అన్నాడు. "బలవంతపెట్టడానికి రాలేదు. మీ నాన్న తీసుకోలేదు, ఏం చేశాం ఆయన్ని? బల్ల మీదే ఎండిపోయింది. చివరికి పిల్లులు తిన్నాయి."

"ఈసారీ పిల్లులకేలే అన్నా," అన్నాడు చీలోక్, కట్ట బిగిస్తూ.

వింగ్‌షెక్ నవ్వాడు. కోపం రాలేదు. తాను ఊరికి పెద్ద కాబట్టి అడగాల్సింది అడిగానని, అడగడంతో తన పని అయిపోయిందని అన్నాడు. రాత్రి దాకా చీలోక్ ఇంట్లో కూర్చుంటే కుర్రాళ్లు ఒకడి తర్వాత ఒకడు వచ్చి ప్రాణం తోడేస్తారని, మాటా మాటా పెరుగుతుందని, అందుకని ఇద్దరూ తనతో బజారుకు వస్తే హాయిగా తినొచ్చని అన్నాడు. పెద్దవాళ్లు పోయారు, ఇంకెన్నాళ్లు ఈ ముఖాలు తిప్పుకోవడాలు అని కూడా అన్నాడు. ఆ మాట నేల వైపు చూస్తూ అన్నాడు. ఆ తర్వాత కావడి దించుకుంటున్న లాయ్‌కున్ వైపు తిరిగాడు.

"ఏమ్మా, సినిమా చూసి ఎన్నాళ్లయింది?"

లాయ్‌కున్ తడి చేతులు చొక్కా అంచుకు తుడుచుకుంది. "పెద్ద తుఫాను వచ్చిన ఏడు చూశాను, బావగారూ. అదీ సగమే. ఈయనకి చెయ్యి కాలిందని హోటల్ నుంచి కబురొస్తే మధ్యలో లేచొచ్చేశాను."

"చూశావురా? పదేళ్ల నుంచి మిగతా సగం బాకీ పెట్టావు దీనికి."

చీలోక్ భార్య ముఖంలోకి చూశాడు. ఆమె అప్పటికే చెవుల వెనక జుట్టు సర్దుకుంటోంది. కాసేపట్లో ముక్క బల్ల మీదికి వస్తుంది. తను ముట్టుకోనంత కాలం అది అక్కడే ఉంటుంది. ఊళ్లో ఉన్నా బజార్లో ఉన్నా ఒకటే. ఆ మాటకొస్తే ఊళ్లో లేకపోవడమే మేలు. అంతా ఆలోచించే ఒప్పుకున్నాడు.

ఐదున్నరకు హోటల్ సగం ఖాళీగా ఉంది. గుండ్రటి బల్లల మీద తెల్లగుడ్డలు, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం. మూలన గాజు తొట్టెల్లో చేపలు బుడగల మధ్య నోళ్లు తెరిచి మూస్తున్నాయి. లాయ్‌కున్ పెళ్లిళ్లకు తొడిగే ఊదా రంగు చొక్కా వేసుకుంది. కూర్చోగానే అలవాటు కొద్దీ ముగ్గురి గిన్నెలూ చాప్‌స్టిక్సూ వేడి టీతో కడిగి, ఆ నీళ్లు పెద్ద గిన్నెలో వంపింది. వింగ్‌షెక్ వంట మేస్త్రీతో ఒక మాట చెప్పి వస్తానని లేచి వెళ్లాడు. వెళ్లేటప్పుడు చేతిలో నల్ల సంచీ ఉంది. వచ్చేటప్పుడు లేదు. చీలోక్ అది చూశాడు. మందు సీసా కాబోలు అనుకున్నాడు, ఇంటి నుంచి తెచ్చుకునేవాళ్లు చాలామందే ఉంటారు.

వింగ్‌షెక్ టీ కూజా అందుకుని ముందు మరదలికి, తర్వాత తమ్ముడికి పోశాడు. చీలోక్ అనుకోకుండానే రెండు వేళ్లు మడిచి బల్ల మీద మెల్లిగా రెండుసార్లు తట్టాడు, పోసినవాడికి దండం పెట్టినట్టు. పదకొండేళ్ల తర్వాత ఆ వేళ్లు అన్న ముందు కదలడం అదే. కదిలాక అతనికే కొంచెం సిగ్గేసింది.

ముందు చారు వచ్చింది, తడి మడుల్లో పెరిగే నీళ్లకూరా పంది ఎముకలూ మరిగించినది. ఆ తర్వాత ఆవిరి మీద ఉడికించిన చేప. వింగ్‌షెక్ చేప చెంప దగ్గరి మెత్తటి ముక్క చాప్‌స్టిక్స్‌తో విడదీసి మరదలి గిన్నెలో పెట్టాడు. ఆమె వద్దంటూనే తినేసింది. చోయ్‌సమ్ పళ్లెం వచ్చినప్పుడు చీలోక్ కాడ చివర చూసి, కోసి రెండు రోజులయిందని, కోసిన చోట తెల్లబడిందని అన్నాడు. వింగ్‌షెక్ హోటల్ వాణ్ని పిలిచి, మీ యజమానితో చెప్పు, అసలైన కూర పండించేవాడు ఇక్కడ కూర్చుని ఉన్నాడని అన్నాడు. లాయ్‌కున్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఎవరూ చెప్పకుండానే నాలుగో పళ్లెం వచ్చింది. కాల్చిన పంది మాంసం.

చీలోక్ దాన్ని తినకముందే చదివాడు. హోటల్ పందికి తోలంతా సూదులతో పొడుస్తారు, నువ్వులు చల్లినట్టు సమంగా పొంగుతుంది. ఇది అక్కడక్కడా నున్నగా ఉంది, అక్కడక్కడా నల్లగా మాడింది. ముక్కలు ఎముకతో సహా మోటు కత్తితో నరికినవి. పైన వేడిగా ఉంది గానీ ఎముక దగ్గర చల్లగా ఉంది, ఎప్పుడో కాల్చి ఇప్పుడు వేడి చేసినట్టు.

"ఇది ఇక్కడిది కాదే," అన్నాడు.

పళ్లెం పెట్టినవాడు వింగ్‌షెక్ వైపు చూసి వెళ్లిపోయాడు. వింగ్‌షెక్ చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు.

"ఇక్కడి మేస్త్రీ నాకు తెలిసినవాడు. మన ఊరి పద్ధతిలో కాల్చమన్నాను. నీకు తినమని ఇవ్వడానికే భయమేస్తోందిరా, పని తెలిసినవాడి ముందు పెట్టడం. ఎలా ఉందో నువ్వే చెప్పు. మొహమాటపడకు."

చీలోక్‌ను ఆ మాట అడిగినవాళ్లు లేక చాలా కాలమైంది. హోటళ్లన్నీ గ్యాసు పొయ్యిలకు మారాక అతని చేతులతో ఎవరికీ పని లేకపోయింది. ఒక ముక్క తీసుకుని, ముందు తోలు ఒక్కటే కొరికి చప్పుడు విన్నాడు. తర్వాత మాంసం. ఎడమ వైపు పొగ ఎక్కువ తగిలిందని, కట్టెలు పూర్తిగా ఆరకుండానే పెట్టారని అన్నాడు. మసాలా లోపలి వైపు రాసినవాడు భుజం మడతలో రాయడం మర్చిపోయాడని అన్నాడు. ఇంకో ముక్క తీసి ఎక్కడ మర్చిపోయాడో భార్యకు చూపించాడు. పక్కటెముక దగ్గరిది మాత్రం బాగా కుదిరిందని అది తిన్నాడు. వింగ్‌షెక్ తల ఊపుతూ విన్నాడు, కట్టె ఎన్నాళ్లు ఆరాలని అడిగాడు, తోలు మీద ఉప్పు ఎప్పుడు రాయాలని అడిగాడు. చీలోక్ చెబుతూ తిన్నాడు, తింటూ చెప్పాడు. ఒక ముక్క తోలు అంచున లేత ఎర్రటి మరక కనిపించింది. మసాలాలో కలిపే ఎర్ర చిక్కుడు ముద్ద అంటిందనుకుని అదీ నోట్లో వేసుకున్నాడు.

"మన మందిరం ముక్కలాగే ఉంది కదండీ," అంది లాయ్‌కున్. ఆమె రెండు ముక్కలే తింది.

"దగ్గరగానే వచ్చింది," అన్నాడు చీలోక్.

వింగ్‌షెక్ తన గిన్నెలో అన్నం మాత్రమే తింటున్నాడు. ఆ విషయం చీలోక్‌కు తర్వాత గుర్తొచ్చింది.

బిల్లు దగ్గర అన్నదమ్ములిద్దరూ కాసేపు చేతులు లాక్కున్నారు. చీలోక్ మర్యాదకు జేబులో చెయ్యి పెట్టాడు, వింగ్‌షెక్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. గట్టిగా, వెచ్చగా పట్టుకున్నాడు. సినిమా హాలు రెండు వీధుల అవతల. మెట్ల కింద చెరుకు ముక్కలు, కాల్చిన చెస్ట్‌నట్ గింజలు, బొగ్గుల మీద ముడుచుకుంటున్న ఎండు కటిల్ చేపలు అమ్ముతున్నారు. టికెట్ల కిటికీలో ముసలామె సీట్ల బొమ్మ వేసిన కాగితం బయటికి తిప్పి చూపించింది. వింగ్‌షెక్ వెనక నుంచి నాలుగో వరసలో, నడవ పక్కన కాకుండా సరిగ్గా మధ్యలో రెండు సీట్లు చూపించాడు. ఆమె ఎర్ర పెన్సిల్‌తో రెండు గడుల మీద అడ్డగీతలు కొట్టింది.

తనకు జేగంట దగ్గర పని ఉందని, వాళ్లిద్దరూ నిదానంగా చూసి రమ్మని వింగ్‌షెక్ అన్నాడు. చినుకులు మొదలవుతున్నాయి. తన గొడుగు మరదలి చేతిలో పెట్టి, చేతి రుమాలు నెత్తిన వేసుకుని బస్సు వైపు పరిగెత్తాడు. నల్ల గొడుగు, వంకీ తిరిగిన చెక్క పిడి. మంచి మనిషే పాపం, మనమే అన్ని మాటలనుకున్నాం అంది లాయ్‌కున్, మెట్లెక్కుతూ.

సినిమా నవ్వుల సినిమా. పెళ్లిరోజున పెళ్లికొడుకు తప్పిపోతాడు. బిగుతు చెప్పులు వేసుకుని, కాళ్లు దూరంగా పెట్టి బాతులా నడుస్తూ ఊరంతా తిరుగుతాడు, ఇల్లు మాత్రం దొరకదు. హాలంతా నవ్వుతోంది. లాయ్‌కున్ చెరుకు ముక్క నమలడం మర్చిపోయి నవ్వుతోంది. చీలోక్ కూడా నవ్వాడు. నవ్వుతూ నాలుకతో పళ్ల సందున ఇరుక్కున్న తోలు ముక్కను కదిపాడు. అది ఊడి నాలుక మీద పడింది.

లిచ్చీ పొగ.

అతను నవ్వడం ఆపేశాడు. బజారులో ఏ హోటల్లోనూ కట్టెల పొయ్యి లేదు. ఏడేళ్ల కిందటే అన్నీ గ్యాసు పెట్టాయి, అందుకే అతని ఉద్యోగం పోయింది. ఇవాళ ఈ చుట్టుపక్కల లిచ్చీ కట్టెలు కాలింది ఒకే ఒక్క గుంటలో. నల్ల సంచీ గుర్తొచ్చింది. ఎముక దగ్గర చల్లదనం, తోలు అంచున ఎర్ర మరక, అన్న గిన్నెలో ఉత్త అన్నం. వాటా తీసుకుపోయే హక్కు ఇంటి మనిషికి ఉంటుంది, లేదా వరసకు అన్న అయినవాడికి. ఎవరు పట్టుకుపోయినా, అది వాటా ఉన్నవాడి నోట పడితేనే ఒప్పుకున్నట్టు.

బయటికి పోయే తలుపు పక్కన పచ్చ దీపం కింద గడియారం ఉంది. తొమ్మిదికి ఇరవై నిమిషాలు తక్కువ. బస్సు దొరికితే పది నిమిషాలు. జేగంట ఇంకా మోగలేదు, మోగాక తెలియక తిన్నానన్నా చెల్లదు. వెళ్లి బల్ల ముందు నిలబడి, తెలియక తిన్నాను, నేను ఒప్పుకోను అని అరిస్తే వినేవాళ్లు వింటారు. అతను కుర్చీలో సగం లేచాడు. ఇటు పక్క తొమ్మిది మంది మోకాళ్లు, అటు పక్క పది మంది మోకాళ్లు.

లాయ్‌కున్ తెర మీద నుంచి చూపు తిప్పకుండానే అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "కూర్చోండి. ఇప్పుడే అసలైంది వస్తోంది."

అతను లేచే ఉన్నాడు. వెనక ఎవరో కూర్చోమని విసుక్కున్నారు. తను వెళితే ఆమె వస్తుంది. రెండోసారి కూడా సగం సినిమాలో లేచి, ఏమైందని అడుగుతూ, వానలో వెనకే పరిగెత్తుకొస్తుంది. అదీ కాక తను పొరబడ్డాడేమో. పంతొమ్మిదేళ్లు పొయ్యి ముందు నిలబడ్డవాడు పొగ విషయంలో పొరబడడని తెలుసు, అయినా పొరబడ్డానేమో అనుకున్నాడు. అనుకుని కూర్చున్నాడు. ఆమె చెయ్యి అతని చొక్కా మీదే ఉండిపోయింది. ఆ తర్వాత గడియారం వైపు చూడలేదు. చూడకుండానే తొమ్మిది అయింది.

ఇంటికి వస్తూ మినీబస్సులో లాయ్‌కున్ అతను కూడా చూసిన సినిమాను మొదటి నుంచి మళ్లీ చెప్పింది. ఊరి మొదట్లో దిగాక గొడుగు అతని చేతికిచ్చి, తడి సిమెంటు బాట మీద పెళ్లికొడుకు నడక నడిచి చూపించింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమె అలా ఆడడం అతను చూడలేదు. మందిరం తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల లైటు కింద ఆరో తాత తడిగుడ్డతో పొడుగాటి బల్ల తుడుస్తున్నాడు. ఒక కొస నుంచి రెండో కొస దాకా బల్ల ఖాళీ. లాయ్‌కున్ అటు చూడలేదు, నడుస్తూ తన కాళ్లు తానే చూసుకుని నవ్వుకుంటోంది. చీలోక్ గొడుగు ఆమె మీదికి వంచి ఇంటివైపు నడిపించాడు.

మర్నాడు ఆరో తాత నీళ్లకూర కోసం వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, మందిరంలో దీపం, జేగంట, లెక్క అన్నీ ఆయనవే. ఎవరి పక్షమూ పట్టడు, ఆచారం ఏది చెబితే అది. లాయ్‌కున్ గట్టుకు అవతల ఉందని చూసుకుని మాట్లాడాడు.

"వింగ్‌షెక్ నీ వాటా పట్టుకెళ్లాడు. నీకే ఇస్తానని అందరి ముందూ చెప్పి పట్టుకెళ్లాడు. నీ నోట పడిందా?"

చీలోక్ కూర కట్ట కట్టడం ఆపలేదు.

"ఇప్పుడు చెప్పకు, నేను అడగలేదనుకో," అన్నాడు ముసలాయన. "మూడో రోజు పొద్దున పలకల ముందు అడుగుతాను. అక్కడ అన్నదే మాట. పట్టుకెళ్లింది అందరూ చూశారు. నువ్వు తింటుంటే మనవాడు ఎవడూ చూడలేదు."

"హోటల్లో చూశారుగా, తాతా."

"వాళ్లు మోక్ వాళ్లా? లెక్కకు రారు."

"నా భార్య ఉంది."

"ఆడవాళ్ల మాట మందిరంలో ఎప్పుడైనా లెక్కకొచ్చిందా?" అని ఆయన కట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. కట్టకు డబ్బులివ్వలేదు. ఎప్పుడూ ఇవ్వడు.

రెండు రోజులు చీలోక్ తినలేదన్న అబద్ధాన్ని నోట్లో తిప్పుకుంటూనే పని చేశాడు. లాయ్‌కున్‌కు చెప్పి ఉంటే సరిపోయేది. నోరు మెదపవద్దని ఒక్క ముక్క చెబితే ఆమె చచ్చినా మెదపదు. చెప్పాలని ఆదివారం రాత్రి అనుకున్నాడు. ఆమె గిన్నెలు కడుగుతూ, బావగారు చేప చెంప తనకు పెట్టారని, ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పెట్టలేదని, పుట్టింట్లో అది అన్నదమ్ములదని అంటోంది. సోమవారం రాత్రి మళ్లీ అనుకున్నాడు. ఆమె దీపం కింద కూర్చుని, గాలికి ఊడిన గొడుగు పుల్లను నల్ల దారంతో కడుతోంది. పరాయివాళ్ల గొడుగుకు ఎవరూ అంత ఓపిగ్గా కుట్లు వెయ్యరు. ఆ సాయంత్రం ఎందుకు జరిగిందో చెప్పడమంటే దాన్ని ఆమె చేతిలోంచి లాక్కోవడమే. నేల ఎలాగూ నిలబెట్టుకుంటాను, ఇదొక్కటి దీనికి ఉండనీ అనుకున్నాడు. మంగళవారం పొద్దున విత్తనాలకు వెళుతున్నానని చెప్పి బయల్దేరాడు.

మందిరంలో నలభై మంది దాకా ఉన్నారు. బల్లల మీద కూర్చుని సిగరెట్లు కాలుస్తున్నారు, కొందరు పేపరు చదువుతున్నారు. వింగ్‌షెక్ ముందు వరసలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. చీలోక్‌ను చూసి పలకరింపుగా తల ఊపాడు. చీలోక్ మూడు అగరొత్తులు వెలిగించి, బూడిదలో గుచ్చి, చేతులు దించుకున్నాడు. వరసలు వరసలుగా ఎర్ర పలకలు. కింది వరసలో కొత్తది తండ్రిది.

"మోక్ చీలోక్, వాటా నీ నోట పడిందా?" అని అడిగాడు ఆరో తాత.

"లేదు," అన్నాడు చీలోక్. గొంతు అతను అనుకున్నదానికన్నా బాగానే వచ్చింది. "నాకు ఎవరూ ఏ వాటా ఇవ్వలేదు. నేను తినలేదు."

వెనక గుసగుసలు లేచాయి. ఎవడో కుర్రాడు బూతు మాట అన్నాడు. ఆరో తాత చెయ్యెత్తి వాళ్లను ఆపి, వింగ్‌షెక్‌ను చూశాడు. వింగ్‌షెక్ కోప్పడలేదు, లేచి నిలబడలేదు కూడా. తమ్ముడు పెద్దల ముందు అబద్ధమాడే మనిషి కాదని, తినలేదంటే తినలేదనే అనుకోవాలని, సంచీ దారిలో ఎక్కడో పడిపోయి ఉంటుందని మెల్లిగా అన్నాడు. ఆరో తాత జేగంట కర్ర అందుకోవడానికి వంగాడు. ఇంకోసారి మోగితే మొదటిది కొట్టివేసినట్టు. చీలోక్ ఆ కర్ర వైపే చూస్తున్నాడు. చివర చుట్టిన ఎర్రగుడ్డ వెలిసిపోయి ఉంది.

అప్పుడు వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడయింది.

ఎత్తయిన గడపకు అవతలే నిలబడింది లాయ్‌కున్. ఆడవాళ్లు దాన్ని దాటరు. రెండు చేతులా గొడుగు పట్టుకుంది, ఆరబెట్టి, మడిచి, పట్టీ బిగించినది. ఇంటికి తీసుకెళితే బావగారు లేరని, ఇక్కడున్నారని చెప్పారని అంది. మొగుణ్ని చూసి, విత్తనాల కొట్టుకు పోలేదా అన్నట్టు కళ్లు చిట్లించింది. నలభై మంది మగవాళ్లు తనవైపే చూస్తుంటే సిగ్గుపడి గొడుగు ముందుకు చాపింది.

వింగ్‌షెక్ లేచి వెళ్లి రెండు చేతులతో అందుకున్నాడు. పుల్లకు వేసిన కుట్లు వేలితో తడిమి చూశాడు.

"ఎందుకమ్మా ఇంత శ్రమ," అన్నాడు. "సినిమా బాగుందా?"

"ఎంత నవ్వామో, బావగారూ."

"మరి భోజనం? అన్నింట్లోకి ఏది నచ్చింది నీకు?"

చీలోక్ నోరు తెరిచాడు. పలకల ముందు, అందరూ చూస్తుండగా, భార్యను చెప్పవద్దని ఏమని చెబుతాడు?

"పంది మాంసం," అంది లాయ్‌కున్. "చేప కూడా మంచిదే, కాదనను. కానీ పంది మాంసం అచ్చం మన మందిరం ముక్కే. ఈయనతో అక్కడే అన్నాను. ఈయనైతే ఏడు ముక్కలు తిన్నారు, నేను లెక్కపెట్టాను కదా. ఇంట్లో మూడు తినడానికి వంకలు పెట్టే మనిషి."

ఎవరూ నవ్వలేదు. సిగరెట్ పొగ మాత్రం కదులుతోంది. వింగ్‌షెక్ గొడుగు చేతికి తగిలించుకుని వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. ఆరో తాత వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండి, కర్రను మళ్లీ మేకుకు తగిలించాడు. మోక్ వాళ్ల మందిరంలో ఆడదాని మాట లెక్కకు రావడం అదే మొదటిసారి.

లాయ్‌కున్ గడప అవతల ఇంకా నిలబడే ఉంది. ఆమె ముందు మొగుడి ముఖం చూసింది. తర్వాత ఖాళీ బల్ల చూసింది, తర్వాత మళ్లీ మొగుడి ముఖం. ఇరవై ఏళ్లకు పెళ్లై ఈ ఊరొచ్చిన మనిషి, ముక్క సంగతి ఆమెకు తెలియనిది కాదు. చేతులు ఇంకా గొడుగు పట్టుకున్నట్టే ముందుకు ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసుకుని, మెల్లిగా దించుకుంది.

ఇల్లు చేరాక ఆమె కావడి ఎత్తుకుని చేలోకి పోయింది, అప్పటికే తడిగా ఉన్న మడులకు మళ్లీ నీళ్లు పోసింది. మర్నాడు చీలోక్ బజారుకు వెళ్లి జిల్లా కార్యాలయంలో ఒక పొద్దంతా కూర్చున్నాడు. ఉమ్మడి భూమి విషయంలో మందిరం ఆచారమే తమకు ప్రమాణమని, ఊరి తరఫున దాన్ని చూసే మేనేజర్ల ముద్రలు సరిగ్గా ఉన్నాయని, కాదంటే కోర్టుకు పోవచ్చని గుమస్తా మర్యాదగానే చెప్పాడు. అమ్మకం సొమ్ములో అందరితో పాటు అతనికీ నలభై రెండో వంతు వస్తుంది కదా అని కూడా అన్నాడు. పెద్దల ముందు అబద్ధమాడినవాడని ఊళ్లో పిల్లలు కూడా అప్పటికే అనుకుంటున్నారు. వింగ్‌షెక్ మాత్రం ఆ మాట ఎక్కడా అనలేదు.

గురువారం పొద్దున కొలతల వాళ్లు వచ్చారు. ఇద్దరే మనుషులు, మూడు కాళ్ల యంత్రం, ఎర్ర రంగు పూసిన మేకులు, పొడుగాటి టేపు. కోతకొచ్చిన చోయ్‌సమ్ మడుల మధ్య అడుగులు వెతుక్కుంటూ నడిచారు. లాయ్‌కున్ వాళ్లకు అడ్డం రాకుండా కొడవలితో ముందు ముందు కోసుకుపోతోంది. వేరు మీద వేలెడు వదలడం లేదు, ఇంక చిగురెయ్యాల్సిన పని లేదు. చీలోక్ ఆమె పక్కన కూర్చుని కట్టలు కట్టాడు. ఏదో ఒకటి మాట్లాడాలని ఉంది.

"ఆ పెళ్లికొడుకు నడక," అన్నాడు. "ఆ రోజు నడిచావు చూడు. ఎలాగది?"

ఆమె తల ఎత్తలేదు. "గుర్తు లేదండీ," అంది.

కొలతల కుర్రాడు ఒంటరిగా టేపు లాగలేక, గట్టు మీద నుంచి కేక వేసి, పెద్దాయనా, ఈ కొస కాస్త పట్టుకోవూ అన్నాడు. చీలోక్ కట్ట కింద పెట్టి లేచాడు. చేతులు తుడుచుకుని, ఇనప కొక్కెం తీసుకుని, తండ్రి మొదటి బుట్ట మట్టి పోసిన మూల దగ్గర మేకుకు ఆనించి, కదలకుండా పట్టుకున్నాడు. కుర్రాడు నాలుగు వైపులా కొలిచి, పుస్తకంలో రాసుకుని, యంత్రం దగ్గరున్నవాడికి వినపడేలా చదివాడు. ఊరి లెక్కలో మూడు తూముల విత్తనం పట్టే నేల. టేపు లెక్కలో ఇరవై ఒక్క వేల ఏడు వందల ఎనభై చదరపు అడుగులు.